జాబితా రాసే చేయి: కృత్రిమ మేధ ప్రమాదాలపై అరాజకవాద సంశయం – ‘ది డిస్పొజెస్డ్’ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కృత్రిమ మేధ వల్ల సమాజానికి కలగబోయే ప్రమాదాల గురించి జరుగుతున్న చర్చలో రెండు స్వరాలు ప్రధానంగా వినిపిస్తున్నాయి. యంత్రం మనిషిని మించిపోయి అతన్ని తన అదుపులోకి తీసుకుంటుందన్నది ఒకటి. యంత్రం శ్రమను తగ్గించి అందరికీ సమృద్ధిని తెస్తుందన్నది రెండోది. 2023 మార్చిలో, శక్తిమంతమైన కృత్రిమ మేధ వ్యవస్థల శిక్షణను ఆరు నెలల పాటు నిలిపివేయాలని కోరుతూ ఒక బహిరంగ లేఖ వెలువడింది. అదే సంవత్సరం మే నెలలో వచ్చిన ఏకవాక్య ప్రకటన, కృత్రిమ మేధ వల్ల మానవజాతి అంతరించే ప్రమాదాన్ని మహమ్మారులతో, అణుయుద్ధంతో సమానంగా పరిగణించాలని కోరింది. ఆ వ్యవస్థలను తయారుచేస్తున్న ప్రముఖ సంస్థల అధిపతులు కూడా ఆ ప్రకటనపై సంతకాలు చేశారు. అంటే భయం, ఆశ రెండూ ఒకే వాకిట్లో నుంచి వెలువడుతున్నాయి.

వీటి మధ్య అంతగా వినిపించని మూడో స్వరం అరాజకవాదులది. ప్రమాదం లేదని ఈ స్వరం అనదు. ఆ ప్రమాదాన్ని ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారు, దాని నుంచి కాపాడతామంటూ ఎవరు ఎంత అధికారం కోరుతున్నారు అని అడుగుతుంది. రాబోయే యంత్రప్రభువు గురించి అంతగా మాట్లాడేవారు ఇప్పటికే ఉన్న ప్రభువుల గురించి ఎందుకు మాట్లాడరని సందేహిస్తుంది. కనీవినీ ఎరుగని ప్రమాదానికి కనీవినీ ఎరుగని కాపలా కావాలంటే, ఆ కాపలా చివరికి పెద్ద రాజ్యం చేతికో పెద్ద కంపెనీ చేతికో చేరుతుందన్నది దాని అనుమానం.

ఈ సంశయానికి సాహిత్యంలో దొరికే అత్యంత నిశితమైన రూపం ఉర్సులా లె గ్విన్ 1974లో ప్రచురించిన ‘ది డిస్పొజెస్డ్’ నవల. అరాజకవాద సమాజాన్ని లోపలి నుంచి చిత్రించిన ఈ నవలలో పనులు పంచేదీ, పుట్టిన బిడ్డలకు పేర్లు పెట్టేదీ కంప్యూటర్లే. అయినా అది యంత్రభయం కథ కాదు. యంత్రాన్ని ఆ నవల ఎక్కడ నిలబెట్టింది, బలవంతాన్ని ఎక్కడ గుర్తించింది, ఆ విభజన నేటి కృత్రిమ మేధ విషయంలో ఎంతవరకు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. అరాజకం – అరాజకవాదం: పదచర్చ

తెలుగులో ‘అరాజకం’ అన్న మాట నిందార్థంలో స్థిరపడింది. దోపిడీ, అల్లరి, అడ్డూ అదుపూ లేనితనం దాని వాడుక అర్థాలు. దీని వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుడి మరణం తరువాత, భరతుడు రాకముందు, రాజు లేని దేశానికి కలిగే అనర్థాలను మునులు వసిష్ఠుడి ముందు ఒక్కొక్కటిగా చెబుతారు. వాన కురవదు, విత్తనం పడదు, ఇంటికి తలుపు వేయకుండా నిద్రపోయేవాడుండడు. రాజు లేకపోవడమంటే రక్షణ లేకపోవడమేనన్న భావం మన సాహిత్యస్మృతిలో ఇలా నాటుకుంది. తెలుగు విమర్శలో చలాన్ని అరాజకవాది అన్నప్పుడు కూడా ఆ మాటలో సిద్ధాంత నిర్దేశం కన్నా మందలింపే ఎక్కువగా వినిపించింది.

అదే సంప్రదాయంలో మరో చిత్రం కూడా ఉంది. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు రాజ్యం పుట్టుకను వివరిస్తూ, మొదట్లో రాజ్యమూ రాజూ లేరని, దండమూ దండించేవాడూ లేరని, ప్రజలు ధర్మం ద్వారానే ఒకరినొకరు కాపాడుకున్నారని చెబుతాడు. ఆ స్థితి తరువాత చెడిపోతుంది, రాజు అవసరమవుతాడు. అయినా రాజు లేని స్థితిని రక్షణ లేని స్థితిగా కాక పరస్పర రక్షణగా ఊహించడం మనకు పరాయిది కాదని ఈ ఘట్టం చూపుతుంది. ఆధునిక అరాజకవాదం ఈ రెండో చిత్రానికి దగ్గరది. క్రమం అక్కర్లేదని అది అనదు. పైనుంచి దిగే ఆజ్ఞ లేకుండానే క్రమం సాధ్యమంటుంది.

పందొమ్మిదో శతాబ్దపు సిద్ధాంతకర్తల్లో క్రొపోట్కిన్ ఈ మాటను ఉదాహరణలతో నిరూపించడానికి పూనుకున్నాడు. వేర్వేరు కంపెనీలకు చెందిన యూరప్ రైలుమార్గాలు ఏ కేంద్ర రైల్వే ప్రభుత్వమూ లేకుండానే పరస్పర ఒప్పందాలతో కలిసి నడిచిన తీరును ‘ది కాంక్వెస్ట్ ఆఫ్ బ్రెడ్’లో చూపాడు. యంత్రాలపై అతనికి వైముఖ్యం లేదు. వాటిని చిన్న చిన్న కర్మాగారాలకు, గ్రామాలకు ఎలా చేర్చాలన్నదే 1899లో వచ్చిన ‘ఫీల్డ్స్, ఫ్యాక్టరీస్ అండ్ వర్క్‌షాప్స్’లో అతని ప్రధాన ఆలోచన. కాబట్టి అరాజకవాద సంశయాన్ని యంత్రద్వేషంగా చదవడం పొరపాటు.

బకూనిన్ చేసిన మరో విభజన ఈ చర్చకు మరింత ముఖ్యమైనది. చెప్పుల విషయంలో చెప్పులు కుట్టేవాడి మాట వింటానని, అయితే ఏ నిపుణుడినీ తన మీద రుద్దనివ్వనని ‘గాడ్ అండ్ ది స్టేట్’లో అతను అంటాడు. నైపుణ్యాన్ని సంప్రదించడం వేరు, నైపుణ్యానికి లోబడటం వేరు. సమాజ పాలనను పండితుల చేతికి అప్పగిస్తే వారు తమ శాస్త్రాన్ని రక్షించుకోవడానికి జనాన్ని బలిపెడతారన్నది అతని హెచ్చరిక. పండితుడి స్థానంలో యంత్రాన్ని ఉంచి చదివితే నేటి ప్రశ్న ఎదురవుతుంది: యంత్రం చెప్పిన మాట సలహాగా మనిషిని చేరుతోందా, తీర్పుగానా?

2. యంత్రభయానికి రెండు సాహిత్యరూపాలు

లె గ్విన్ నవల ప్రత్యేకత తెలియాలంటే అంతకు ముందున్న రెండు రచనలను చూడాలి. ఈ రెండింటి రచయితలూ అరాజకవాదులు కారు.

మొదటిది శామ్యూల్ బట్లర్‌ది. డార్విన్ గ్రంథం వెలువడిన నాలుగేళ్లకు, 1863 జూన్‌లో, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ పత్రికలో అతను మారుపేరుతో ఒక లేఖ రాశాడు. జీవుల్లాగే యంత్రాలూ పరిణామం చెందుతున్నాయని, మనిషి తన వారసుడిని తానే పెంచుతున్నాడని అందులో వాదించాడు. ఆ ఊహే 1872 నాటి ‘ఎరెహ్వాన్’ నవలలో యంత్రాల గ్రంథం పేరుతో మూడు అధ్యాయాలుగా విస్తరించింది. ఆ దేశస్థులు అంతర్యుద్ధం చేసి మరీ, గడచిన 271 ఏళ్లలో కనిపెట్టిన యంత్రాలన్నింటినీ నాశనం చేస్తారు. బయటినుంచి వచ్చిన కథానాయకుడి జేబుగడియారం కూడా అక్కడ నేరవస్తువే. బట్లర్ వ్యంగ్యరచయిత. ఎంతవరకు నిజంగా అన్నాడో ఎంతవరకు ఎగతాళి చేశాడో తేల్చడం కష్టం. అతను ఇచ్చిన ఊహాచిత్రం మాత్రం నిలిచిపోయింది. యంత్రం ఒక జాతి, మనిషి ఒక జాతి, వాటి మధ్య పోటీ. ఈ చిత్రంలో మనుషులందరూ ఒకే పక్షం. యజమాని, కూలీ అన్న తేడా అందులో కనిపించదు. 2023 నాటి ప్రకటనలోని ‘మానవజాతి’ కూడా ఇలాంటి ఏకపక్షమే. అరాజకవాది మొదట సందేహించేది ఈ ‘మనం’ అన్న మాటనే.

రెండోది ఇ. ఎం. ఫార్‌స్టర్ 1909లో ప్రచురించిన ‘ది మెషిన్ స్టాప్స్’ కథ. భూగర్భంలో తేనెపట్టు గదుల వంటి గదుల్లో ఒంటరిగా బతికే మనుషులకు తిండి, గాలి, సంగీతం, సంభాషణ అన్నీ యంత్రమే అందిస్తుంది. వాష్టీ అనే తల్లి యంత్రాన్ని నమ్ముతుంది, కూనో అనే కొడుకు నేలమీదికి పాకి చూస్తాడు. కథలో కేంద్ర సంఘం ఒకటి ఉంది. కానీ ఆ సంఘం మార్పులను ప్రకటించడమే తప్ప వాటికి కారణం తాను కాదని, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ఒత్తిడికి తానూ తలొగ్గిందని కథకుడు చెబుతాడు. మొత్తం యంత్రం తెలిసిన మనిషి ఒక్కడూ మిగలలేదు. మరమ్మతు చేసే పరికరమే చెడిపోయాక ఫిర్యాదు వినేవారు కూడా లేరు.

ఇక్కడ అరాజకవాదానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఫార్‌స్టర్ చూపిన లోకంలో రాజు లేడు. పదానికి ఉన్న అక్షరార్థంలో అది అరాజకమే. అయినా అక్కడ స్వేచ్ఛ లేదు. హన్నా అరెంట్ అధికారిక యంత్రాంగాన్ని ఎవరిదీ కాని పాలనగా వర్ణించింది. ఎదిరించడానికి ఎదుట మనిషి లేని ఆ పాలన నిరంకుశత్వం కన్నా తక్కువది కాదని హెచ్చరించింది. యంత్రం వెనక ఎప్పుడూ ఒక ప్రభువు ఉంటాడని, అతన్ని బయటకు లాగితే చాలని భావించే సులభమైన అరాజకవాదానికి ఫార్‌స్టర్ కథ జవాబు. లె గ్విన్ ఈ జవాబును దాటుకుని ముందుకు వెళ్లగలిగింది.

3. అనారెస్‌లో కంప్యూటర్ స్థానం

‘ది డిస్పొజెస్డ్’లో ఉర్రాస్, అనారెస్ అనే జంటలోకాలు ఉన్నాయి. ఓడో అనే తాత్విక మహిళ బోధనలను అనుసరించినవారు సంపన్నమైన ఉర్రాస్‌ను విడిచి, ఎండిపోయిన అనారెస్‌లో రాజ్యం, ఆస్తి, చెరసాల లేని సమాజాన్ని కట్టుకున్నారు. ఓడో ఆలోచన అరాజకవాదమేనని, దానికి తావో చింతనలోను, షెల్లీ, క్రొపోట్కిన్, గోల్డ్‌మన్, గుడ్‌మన్‌ల రచనల్లోను మూలాలున్నాయని లె గ్విన్ స్వయంగా పేర్కొంది. ఆ నవలకు ఆమె ఇచ్చిన ఉపశీర్షికకు ‘సందిగ్ధమైన ఆదర్శలోకం’ అని అర్థం చెప్పుకోవచ్చు.

వికేంద్రీకరణ ఓడో ఆశయం. కానీ కరువునేలలో ఎక్కడ ఏ పనికి ఎంతమంది కావాలో తెలుసుకోవడానికి ఒక కేంద్రం తప్పలేదు. పనుల కేటాయింపును, వస్తువుల పంపిణీని సమన్వయం చేసే కంప్యూటర్లు మొదటినుంచీ అబ్బెనే నగరంలోనే ఉన్నాయి. ఈ కేంద్రీకరణ శాశ్వతమైన ముప్పు అని, శాశ్వతమైన మెలకువతోనే దాన్ని ఎదుర్కోవాలని ఆ మొదటి తరం వలసవాసులకు తెలుసునని కథకురాలు చెబుతుంది. నవల మొత్తానికి ఇది కీలకమైన అంశం. ఇక్కడ కేంద్రం అవసరమూ, ముప్పూ కూడా. దాన్ని తుడిచిపెట్టే ప్రయత్నాన్ని గాని, నమ్మి కళ్లు మూసుకోవడాన్ని గాని నవల సమర్థించదు.

కంప్యూటర్ ఇచ్చే పని ఆజ్ఞ కాదు. దాన్ని నిరాకరించే హక్కు ప్రతివారికీ ఉంది, నిరాకరించినవారికి తిండి ఆపరు. బకూనిన్ విభజనలో చెప్పాలంటే ఆ యంత్రం చెప్పులు కుట్టేవాడి స్థానంలో ఉంది. మరి బలవంతం ఎక్కడినుంచి వస్తుంది? నవలలో బెడాప్ అనే పాత్ర దీనికి జవాబిస్తాడు. అనారెస్‌లో పాలన ఉంది, అది పొరుగువారి అభిప్రాయం రూపంలో ఉంది, అది పాలన అని ఎవరూ ఒప్పుకోరు కాబట్టే దాన్ని ఎదిరించడం కష్టం అన్నది అతని వాదన. షెవెక్ కూడా తరువాత ఇదే నిర్ణయానికి వస్తాడు. ఇచ్చిన పనిని నిరాకరించామని చెప్పుకోవడానికి తన తోటివారు సిగ్గుపడుతున్నారని గ్రహిస్తాడు. కాగితం మీద హక్కు ఉంది, మనసులో లేదు.

టిరిన్ పాత్ర దీనికి నిదర్శనం. అతను ఒక నాటకం రాశాడు. అది ఓడో సిద్ధాంతానికి వ్యతిరేకమని జనం తప్పుగా అర్థం చేసుకుని బహిరంగంగా మందలించారు. గణితం చదివిన అతనికి ఆ తరువాత శారీరక శ్రమ పనులే దక్కాయి. చివరికి మానసిక చికిత్సాలయానికి చేరాడు. అతన్ని శిక్షించిన న్యాయస్థానం లేదు, శిక్ష అన్న మాట కూడా లేదు. షెవెక్ కూతురు సాదిక్ విషయంలో ఇదే పద్ధతి పసిపిల్లల స్థాయికి దిగుతుంది. తల్లిదండ్రులు ద్రోహులన్న మాట పడి, వసతి గృహంలో తోటిపిల్లల మధ్య పడుకోలేక ఆమె ఏడుస్తుంది.

అంటే లె గ్విన్ రెండు శక్తులను వేరుచేసి చూపింది. యంత్రం సమన్వయం చేస్తుంది, లోకాభిప్రాయం లొంగదీస్తుంది. మొదటిది ఉపకరణం, రెండోది అధికారం. అరాజకవాద సంశయం దృష్టిని మొదటిదాని మీదినుంచి రెండోదాని మీదికి మళ్లిస్తుంది. ఈ నవల సాధించిన ముఖ్య విజయం ఇదే.

4. కరువుకాలపు జాబితాలు

యంత్రాన్ని నిర్దోషిగా నిలబెట్టిన ఈ నవలలోనే ఆ నిర్దోషిత్వాన్ని కదిలించే సన్నివేశం ఒకటి ఉంది. కరువు రోజుల్లో షెవెక్‌కు ఒక ప్రాంతంలో లెక్కలు చూసే పని వస్తుంది. పని చేయగలిగినవారికి పూర్తి తిండి, చేయలేనివారికి తక్కువ, జబ్బుపడ్డవారికి సగం. సగం తిండితో జబ్బు నయం కాదు, నయం కానివాడు పనికి తిరిగి రాలేడు. ఎవరిని ఏ వరుసలో ఉంచాలో రాయడం షెవెక్ పని. బల్ల దగ్గర కూర్చుని రోజంతా చేసే ఈ పనికి అతనికి పూర్తి తిండి దక్కింది. ఎవరు ఆకలితో ఉండాలో జాబితా రాసి తన తిండి సంపాదించుకున్నానని తరువాత అతను చెబుతాడు. ఆ పని మానేశాడు. అయితే జాబితా ఆగలేదు, మరొకరు అందుకున్నారు. జాబితా రాయడానికి సిద్ధపడేవారు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారన్నది అతని చేదు అనుభవం.

ఈ సన్నివేశంలో దుర్మార్గుడు లేడు. నియమం కూడా క్రూరత్వంతో పుట్టలేదు, తక్కువ ధాన్యాన్ని పంచే తంటాలో పుట్టింది. అయినా ఒక పేరు ఒక వరుసలోంచి మరో వరుసలోకి మారినప్పుడు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ మార్పు చేసే చేతికి తాను చేస్తున్నదేమిటో తెలిసింది, అది పని మానేసింది. నవలలోని నైతికత మొత్తం ఈ తెలివిడి మీద ఆధారపడి ఉంది. షెవెక్ మానేయగలిగాడు కాబట్టే ఆ జాబితా ఒక నేరంగా పాఠకుడి ముందుకు వచ్చింది.

నేడు కృత్రిమ మేధ వ్యవస్థలు చేస్తున్న పనుల్లో ఎక్కువ భాగం ఇలాంటి జాబితాలు రాయడమే. అప్పు ఎవరికి ఇవ్వాలి, ఉద్యోగ దరఖాస్తుల్లో ఏది ముందుకు పంపాలి, ఏ కుటుంబం సహాయానికి అర్హం అన్నవన్నీ వరుసల ప్రశ్నలే. జాబితా రాసే చేయి యంత్రానిది అయినప్పుడు, ‘నేను రాయను’ అని లేచిపోయే అవకాశం ఆ స్థానం నుంచి తొలగిపోతుంది. యంత్రం తిరుగుబాటు చేస్తుందని బట్లర్ సంప్రదాయం భయపడింది. లె గ్విన్ సన్నివేశాన్ని చదివినవారికి, యంత్రం ఎన్నడూ తిరుగుబాటు చేయదన్నదే అసలు భయమని తోస్తుంది.

5. పేరు, పోలిక: తెలంగాణ అనుభవం

అనారెస్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ నమోదు కేంద్రంలోని కంప్యూటర్ అయిదారు అక్షరాల పేరు పెడుతుంది. బతికి ఉన్న ఇద్దరికి ఒకే పేరు ఉండదు, కాబట్టి వేరే గుర్తింపు సంఖ్య అక్కర్లేదు. ఆ సమాజం దీన్ని సమానత్వ చిహ్నంగా భావిస్తుంది. తండ్రి పేరు లేదు, వంశం లేదు. కానీ జేమ్స్ స్కాట్ 1998లో రాసిన ‘సీయింగ్ లైక్ ఎ స్టేట్’ వెలుగులో ఈ ఏర్పాటు వేరుగా కనిపిస్తుంది. రాజ్యం తన ప్రజలను చదవగలిగేలా వారి జీవితాలను సరళం చేస్తుందని, స్థిరమైన ఇంటిపేర్లను రుద్దడం అందులో భాగమని స్కాట్ చూపాడు. 1849లో ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ గవర్నర్ ఒక పట్టిక పంపి జనానికి ఇంటిపేర్లు కేటాయించిన ఉదంతం అతని ఉదాహరణల్లో ఒకటి. ఒకరికి ఒకే పేరు ఉండాలన్న కోరిక మొదట పుట్టేది లెక్కలు రాసే బల్ల దగ్గర. ఓడో అనుచరులు రాజ్యాన్ని విడిచి వచ్చినా, రాజ్యం చూసే చూపును కొంత వెంట తెచ్చుకున్నారు.

తెలుగువారి పేర్లు ఈ చూపుకు సులువుగా లొంగవు. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. ఒకే పేరు ఆంగ్లలిపిలో నాలుగు తీర్లుగా పడుతుంది. పెళ్లి తరువాత ఇంటిపేరు కొందరికి మారుతుంది, కొందరికి మారదు. తెలంగాణ ప్రభుత్వ ‘సమగ్ర వేదిక’ వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లను, చిరునామాలను అల్గారిథమ్ సాయంతో పోల్చి, అవి ఒకే మనిషివో కావో అంచనా వేస్తుంది. సంక్షేమ పథకాలకు అర్హతను నిర్ణయించడంలో దాన్ని వాడారు. పేరు పోలిక వల్ల వేరొకరి కారు తమ ఖాతాలో చేరి రేషన్ కార్డుకు అనర్హులైన పేద కుటుంబం ఉదంతం పత్రికల్లో వచ్చింది. సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయి విచారణ లేకుండా రద్దు చేశారన్న వ్యాజ్యంలో, రద్దయిన కార్డులను తిరిగి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది.

షెవెక్ రాసిన జాబితాకూ దీనికీ పోలిక స్పష్టమే. తేడా మరింత గమనించదగ్గది. షెవెక్ ఎదుట ఉన్నది జబ్బుపడ్డ మనిషి అని అతనికి తెలుసు. ఇక్కడ రెండు పేర్ల మధ్య పోలిక ఎంత శాతమో యంత్రానికి తెలుసు, తిండి ఎవరిదో తెలియదు. డీలర్ దగ్గర, కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ‘కంప్యూటర్‌లో లేదు’ అన్న జవాబు దొరుకుతుంది. ఆ జవాబు చెప్పేవారు దాన్ని నిర్ణయించలేదు, నిర్ణయించినవారు కనిపించరు. ఫార్‌స్టర్ కథలో మరమ్మతు సంఘానికి పెట్టుకున్న ఫిర్యాదు వంటిదే ఇది. మానవజాతి అంతం కన్నా ముందు, రచ్చబండ దాకా కూడా చేరని ఈ చిన్న ప్రమాదాలను ఎంచమని అరాజకవాద సంశయం కోరుతుంది.

6. నవల చేసిన విభజన ఎంతవరకు నిలుస్తుంది?

యంత్రం వేరు, లోకాభిప్రాయం వేరు అన్న లె గ్విన్ విభజనను ఇప్పుడు తిరిగి పరిశీలించాలి. ఆమె ఊహించిన కంప్యూటర్ మనుషులు రాసిపెట్టిన నియమాలను అమలుచేసే లెక్కల యంత్రం. 1970లలో కంప్యూటర్ అంటే ప్రధానంగా అదే. నేటి కృత్రిమ మేధ నడిచే తీరు వేరు. మనుషులు గతంలో రాసిన మాటల నుంచి, తీసుకున్న నిర్ణయాల నుంచి అది నమూనాలను నేర్చుకుంటుంది. ఎవరిని నమ్మాలి, ఎవరిని అనుమానించాలి అన్న గతకాలపు అలవాట్లు ఆ డేటాలోనే ఉంటాయి. అనారెస్‌లో పొరుగువారి చూపుగా, గుసగుసగా ఉన్న లోకాభిప్రాయం ఇక్కడ యంత్రం లోపలికి చేరి, లెక్కగా బయటికి వస్తుంది.

టిరిన్ కథను ఈ కోణంలో చదివితే అప్పుడు గమనించని ఖాళీ ఒకటి కనిపిస్తుంది. అతనికి పనులు కేటాయించింది సమన్వయ కార్యాలయం. అతన్ని మందలించింది జనం. జనం మందలింపు కేటాయింపు కాగితం దాకా ఏ దారిన వెళ్లిందో నవల విప్పి చూపదు. విభజన అక్కడ బలహీనపడింది. లె గ్విన్ ఆ దారిని చీకట్లో వదిలేసింది. నేటి వ్యవస్థల్లో ఆ దారికి నిర్మాణమే ఉంది. లోకాభిప్రాయాన్ని ఉపకరణంగా మార్చడమే వాటి పద్ధతి. కాబట్టి బెడాప్ చెప్పిన ‘ఒప్పుకోని పాలన’ ఇప్పుడు రెండింతలు కనిపించకుండా పోతుంది. పొరుగువాడి అభిప్రాయమని తెలిస్తే వాదించవచ్చు. అదే అభిప్రాయం గణితంగా వచ్చినప్పుడు వాదన మొదలుపెట్టడానికే చోటుండదు.

ఈ సంశయానికి పరిమితులు లేకపోలేదు. మొదటిది, యంత్రం వెనక ఉన్న మనిషిని వెతకడంలో మునిగి, ఎవరూ కోరకుండానే యంత్రం కలిగించే హానిని అది చిన్నచూపు చూసే అవకాశం ఉంది. ఫార్‌స్టర్ హెచ్చరిక ఈ విషయంలోనే. దూరపు ప్రమాదం గురించి మాట్లాడేవారికి స్వప్రయోజనం ఉన్నంత మాత్రాన ఆ ప్రమాదం అబద్ధం కాదు. చెప్పేవారి ఉద్దేశాన్ని విమర్శించడం, చెప్పిన విషయాన్ని ఖండించడం ఒకటి కావు.

రెండోది మరింత ఇబ్బందికరమైనది. తెలంగాణ కార్డుల విషయంలో తప్పు జరిగింది రాజ్యం చేతిలో, కానీ ఉపశమనం వచ్చిందీ రాజ్యంలోని మరో అంగం నుంచే. ఒక సామాజిక కార్యకర్త వ్యాజ్యం వేయడం, న్యాయస్థానం ఆదేశించడం లేకపోతే ఆ కుటుంబాలు ఎవరి దగ్గరికి వెళ్లాలి? అనారెస్‌లో టిరిన్‌కు అప్పీలు చేసుకునే చోటు లేదు. శిక్ష అన్నది లేని సమాజంలో శిక్షకు వ్యతిరేకంగా మొరపెట్టుకునే గది కూడా లేదు. ఈ లోపాన్ని లె గ్విన్ దాచలేదు. ఉపశీర్షికలోని ‘సందిగ్ధం’ అన్న మాటకు ఇక్కడే పూర్తి బరువు వస్తుంది. పోలిస్తే, అరాజకవాద సంశయం ప్రశ్న అడగడంలో బలమైనది, జవాబుదారీ ఏర్పాట్లను నిర్మించడంలో దుర్బలమైనది.

ముగింపు

పై చర్చ నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, కృత్రిమ మేధపై అరాజకవాద సంశయం యంత్రద్వేషం కాదు. యంత్రం చెప్పిన మాట సలహాగా ఉందా, తీర్పుగా ఉందా అన్నదే దాని ప్రశ్న. రెండు, ‘ది డిస్పొజెస్డ్’ బలవంతాన్ని యంత్రంలో కాక లోకాభిప్రాయంలో గుర్తించి ఈ ప్రశ్నకు లోతు ఇచ్చింది. అయితే గతానుభవం నుంచి నేర్చుకునే నేటి యంత్రాల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్ల నవల చేసిన విభజనను సవరించి చదువుకోవాలి. మూడు, నిరాకరించే హక్కు మాత్రమే చాలదు. నిరాకరణను, మొరను వినే స్థానం కూడా ఉండాలి. ఆ స్థానం లేకపోవడం అనారెస్ విషాదం.

షెవెక్ పని మానేసినా జాబితా ఆగలేదన్నది నవలలో నిజం. కానీ అతను మానేశాడు కాబట్టే ఆ జాబితా సంగతి బయటికి వచ్చింది. కృత్రిమ మేధ వ్యవస్థలను సమాజం అంగీకరించేముందు అడగవలసినవాటిలో ఈ ప్రశ్న ముందుండాలి: ఈ ఏర్పాటులో పని మానేసి లేచి, ఇక్కడ ఇలా జరుగుతోందని చెప్పగలిగే మనిషికి స్థానం ఎక్కడ ఉంది? ఆ స్థానాన్ని చూపలేని వ్యవస్థకు రాజు ఉన్నా లేకపోయినా, తెలుగువాడుకలోని నిందార్థంలో అదే అరాజకం.